ప్రసూతి వైద్యం నుంచి సంస్థానిర్మాణానికి: డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ మార్గం, ఉత్తర తెలంగాణ అనుభవం

వ్యాససంగ్రహం:

వైద్యురాలు ఆసుపత్రికి అధిపతి అయినప్పుడు ఆమె తీసుకునే నిర్ణయాలు వైద్యపరమైనవిగా మాత్రమే మిగలవు. అవి ఆదాయాన్నీ, ఉద్యోగుల పనివిభజననూ, సమాజం వైద్యాన్ని అర్థం చేసుకునే తీరునూ ప్రభావితం చేస్తాయి. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రిని నడిపిన డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ కృషి ఇందుకు ఉదాహరణ. సిజేరియన్ కాన్పులు అత్యధికంగా జరిగే రాష్ట్రంలో సహజ ప్రసవాన్ని ప్రోత్సహించే మిడ్‌వైఫరీ వ్యవస్థను ఆమె సంస్థ నిర్మించింది. ఆ విద్యను ప్రభుత్వ నర్సులకు కూడా అందించింది. ఈ కృషిలోని వాణిజ్య, వైద్య, దాతృత్వ కోణాలను కరీంనగర్, ధర్మపురి ప్రాంతాల నేపథ్యంలో వివరించడం, దాని పరిమితులను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రసూతి వైద్యం, మహిళా నాయకత్వం, మిడ్‌వైఫరీ, సిజేరియన్, దాతృత్వం, కరీంనగర్, ధర్మపురి.

1. ఉపోద్ఘాతం:

గోదావరి తీరంలోని ధర్మపురి లక్ష్మీనరసింహస్వామి క్షేత్రంగా ప్రసిద్ధం. 2016 జిల్లాల పునర్విభజనకు ముందు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. తిథి, వారం, నక్షత్రం చూడనిదే ఏ శుభకార్యమూ తలపెట్టని సంప్రదాయం క్షేత్రజీవనంలో సహజం. అయితే గత కొన్ని దశాబ్దాలలో ముహూర్తం అనే మాట తెలుగునాట పెళ్లిపందిరి దాటి ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చింది. బిడ్డ ఏ ఘడియలో పుట్టాలో ముందే నిర్ణయించుకుని వైద్యులను ఆశ్రయించే కుటుంబాలు పల్లెల్లోనూ పట్టణాల్లోనూ కనిపిస్తున్నాయి. పూర్వం జాతకం బిడ్డ పుట్టిన ఘడియను అనుసరించేది. ఇప్పుడు కొన్ని ఇళ్లలో పుట్టుకే జాతకాన్ని అనుసరిస్తోంది.

ఈ మార్పుకు కుటుంబాల విశ్వాసం ఒక్కటే కారణం కాదు. వైద్యసంస్థల ఆర్థిక నిర్మాణం, నొప్పుల పట్ల భయం, రాత్రింబవళ్లు గర్భిణి పక్కన ఉండగల శిక్షిత సిబ్బంది కొరత కూడా కారణాలే. అందువల్ల దీనికి పరిష్కారం ఉపన్యాసాల వల్ల రాదు. ఆసుపత్రి నడిచే పద్ధతి మారాలి. ఆ మార్పుకు పూనుకున్న వైద్యురాలిగా ఎవిటా ఫెర్నాండెజ్ కృషి పరిశీలనార్హం.

2. ధర్మాసుపత్రి – నర్సింగ్ హోం:

తెలుగువారు ఉచిత వైద్యశాలను చాలాకాలం ధర్మాసుపత్రి అని పిలిచారు. ఆ మాటలో వైద్యం అమ్ముడుపోయే సరుకు కాదన్న భావం ఉంది. తొలితరం మహిళా వైద్యుల సేవాదృష్టి ఈ భావానికి దగ్గరగా ఉండేది. 1912లో మద్రాసు వైద్య కళాశాల నుంచి పట్టా పొందిన డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి శాసనమండలిలోకి ప్రవేశించి సంఘసంస్కరణకు పాటుపడ్డారు. 1954లో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభానికి కారకులయ్యారు. కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె డాక్టర్ అచ్చమాంబ విజయవాడలో వైద్యం చేస్తూ ప్రసూతి, శిశుపోషణ విషయాలపై తెలుగులో గ్రంథం రాశారు. 1957లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. వీరికి వైద్యవృత్తి ప్రజాజీవితానికి ద్వారమైంది.

తరువాతి తరంలో వైద్యురాలి స్థానం మరో విధంగా మారింది. పట్టణాలలో స్త్రీవైద్య నిపుణురాలు తన పేరుతోనో భర్తతో కలిసో నర్సింగ్ హోం పెట్టుకోవడం సాధారణమైంది. ఆమె రోగిని చూసే వైద్యురాలు. అదే సమయంలో జీతాలిచ్చే యజమాని, అప్పు తీర్చవలసిన వ్యాపారి. ఈ మూడు బాధ్యతల మధ్య ఘర్షణ తలెత్తినప్పుడు ఏది పైచేయి అవుతుందన్నదే మహిళా వైద్యుల వాణిజ్య నాయకత్వాన్ని అధ్యయనం చేసేవారికి ఎదురయ్యే మౌలిక ప్రశ్న.

3. రెండు పడకల నుంచి ఫౌండేషన్ దాకా:

ఫెర్నాండెజ్ ఆసుపత్రి 1948లో హైదరాబాదు బొగ్గులకుంటలో రెండు పడకల ప్రసూతి గృహంగా మొదలైంది. దానికి ఆద్యురాలు ప్రసూతి వైద్యురాలు డాక్టర్ లూర్డ్స్ ఫెర్నాండెజ్. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన సంవత్సరం కూడా అదే. ఆమె కుమార్తె ఎవిటా సైతం ప్రసూతి వైద్యాన్నే ఎంచుకుని, బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ ఫెలోషిప్ పొందారు. తల్లి నెలకొల్పిన ఆసుపత్రి ఆమె నాయకత్వంలో అనేక కేంద్రాలు గల స్త్రీ, శిశు వైద్యసంస్థగా విస్తరించింది. నేడు అది ఫెర్నాండెజ్ ఫౌండేషన్ పేరుతో లాభాపేక్షలేని సంస్థగా పనిచేస్తోంది.

ఈ ప్రస్థానంలో వారసత్వం ఉంది కానీ అదొక్కటే దీనిని వివరించదు. కుటుంబ ఆసుపత్రి రెండోతరం చేతికి వచ్చినప్పుడు పడకలు పెంచడం, కొత్త విభాగాలు తెరవడం, పెద్ద కార్పొరేట్ సంస్థలో విలీనం కావడం ఎక్కువగా జరిగే పరిణామాలు. ఇక్కడ విస్తరణతోపాటు మరొక ప్రశ్న ముందుకు వచ్చింది. ఆరోగ్యవంతురాలైన గర్భిణికి ప్రసవ సమయంలో ఎంత వైద్య జోక్యం అవసరం? ఆ ప్రశ్నకు జవాబు ఆసుపత్రి ఆదాయానికి మూలమైన పద్ధతినే తాకుతుంది.

4. కాన్పు వెనుక ఆర్థికం:

ప్రమాదస్థితిలో సిజేరియన్ ప్రాణదాయిని. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పినప్పుడు, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతున్నప్పుడు అది తరచుగా అవసరమవుతుంది. సమస్య అవసరం లేని సందర్భాలలోనే. జనాభా స్థాయిలో సిజేరియన్లు 10 శాతం దాటిన తరువాత, ఆ పెరుగుదలకూ తల్లీబిడ్డల మరణాల తగ్గుదలకూ సంబంధం కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం కాగా తెలంగాణలో 60.7 శాతం. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రులలో ఇవి 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5 శాతం. పునర్విభజన తరువాతి కరీంనగర్ జిల్లాలో ఈ సంఖ్య 80 శాతాన్ని మించింది.

ఈ అంకెల వెనుక ఒక లెక్క ఉంది. తొలిచూలు కాన్పులో నొప్పులు పన్నెండు గంటలకు పైగా సాగవచ్చు. అవి ఏ వేళ మొదలవుతాయో, ఎప్పుడు ముగుస్తాయో ఎవరూ చెప్పలేరు. శస్త్రచికిత్స సుమారు గంటలో పూర్తవుతుంది. దానికి ముందే సమయం నిర్ణయించుకోవచ్చు, రుసుమూ ఎక్కువ. ఒక్క వైద్యురాలు నడిపే చిన్న నర్సింగ్ హోంలో రాత్రంతా నొప్పులు పడే గర్భిణి పక్కన కూర్చోవడానికి మనుషులు దొరకరు. ఏదైనా జరగరానిది జరిగితే బంధువుల ఆగ్రహం, కోర్టు భయం ఉంటాయి. కాబట్టి వైద్యురాలికి దురుద్దేశం లేకున్నా సంస్థ నిర్మాణమే ఆమెను కత్తి వైపు నడిపిస్తుంది. కుటుంబం ముహూర్తం అడిగితే ఆ నిర్ణయం మరింత సులభమవుతుంది.

దీని ఫలితం ఒక్క కాన్పుతో ఆగదు. మొదటి కాన్పు సిజేరియన్ అయితే రెండోదీ అదే కావడం పరిపాటి. గర్భాశయంపై మచ్చలు పెరిగేకొద్దీ మాయ లోతుగా అతుక్కుపోయి తీవ్ర రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి తొలిచూలు కాన్పులో అనవసర శస్త్రచికిత్సను నివారించడం ఆ స్త్రీ తదుపరి గర్భాలకు కూడా రక్షణ.

5. నిర్వహణ నిర్ణయంగా మిడ్‌వైఫరీ:

తెలుగు సమాజానికి మంత్రసాని కొత్త కాదు. తరతరాలుగా ఆమె చేతి మీదుగానే పురుళ్లు జరిగాయి. ఇళ్లలో జరిగిన ఆ కాన్పులలో ప్రమాదాలు కూడా ఉండేవి. ఆసుపత్రి కాన్పుల ప్రచారంతో ఆమె తెరమరుగైంది. అయితే ఆమెతోపాటు ఆమె అందించిన ఓర్పు, నిరంతర సాహచర్యం కూడా కనుమరుగయ్యాయి. ఆధునిక మిడ్‌వైఫ్ మంత్రసానికి మరో పేరు కాదు. ఆమె శాస్త్రీయ శిక్షణ పొందిన వృత్తినిపుణురాలు. ప్రమాదం లేని గర్భాలను చూసుకుంటుంది, ప్రసవమంతా తల్లి పక్కన ఉంటుంది, ప్రమాద సూచన కనిపించగానే వైద్యురాలికి అప్పగిస్తుంది.

ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో మిడ్‌వైఫరీ శిక్షణను ప్రారంభించింది. ఇది వైద్య సంస్కరణతోపాటు నిర్వహణ సంస్కరణ కూడా. ప్రసవగదిలో వైద్యుల అధికారాన్ని కొంత నర్సులకు పంచవలసి వచ్చింది. ప్రసూతి నిపుణులు సంక్లిష్ట కేసులపై దృష్టి పెట్టడానికి వీలైంది. తల్లి నడవడం, నచ్చిన భంగిమలో ఉండటం, తోడుగా మనిషిని ఉంచుకోవడం వంటివి సేవలో భాగమయ్యాయి. సంస్థకు ఇది తేలికైన నిర్ణయం కాదు. శిక్షణకు ఖర్చవుతుంది, పెద్ద బృందానికి జీతాలివ్వాలి. శస్త్రచికిత్సలు తగ్గితే వాటి ఆదాయమూ తగ్గుతుంది. యజమాని స్వయంగా వైద్యురాలు కావడం వల్లనే వైద్యప్రయోజనాన్ని లాభనష్టాల పట్టికకు ముందు నిలపడం సాధ్యమైందని భావించవచ్చు.

6. కరీంనగర్ దాకా:

ఒక ఆసుపత్రిలో విజయవంతమైన పద్ధతి ఆ ఆసుపత్రికి రాగలిగిన వారికే మేలు చేస్తుంది. ధర్మపురి పల్లెల గర్భిణికి కరీంనగర్ 70 కిలోమీటర్లకు పైబడిన దూరం. హైదరాబాదు ఇంకా దూరం. ఆ అంతరాన్ని తగ్గించే ప్రయత్నంలో భాగంగా తెలంగాణ ప్రభుత్వం 2017లో యూనిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థల సహకారంతో ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణను ప్రారంభించింది. ఆ తొలి దశలో కరీంనగర్ ప్రభుత్వాసుపత్రికి స్థానం లభించడం విశేషం. సమస్య తీవ్రంగా ఉన్న చోటనే ప్రత్యామ్నాయానికి నారు పోసినట్లయింది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్త మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలను విడుదల చేసింది.

ఇక్కడ దాతృత్వమనే భావన అర్థం విస్తరిస్తుంది. చెక్కు రాసివ్వడం, భవనానికి పేరు పెట్టించుకోవడం దానానికి పరిచిత రూపాలు. పోటీలో ఆధిక్యం ఇవ్వగల వృత్తిజ్ఞానాన్ని ప్రభుత్వ వ్యవస్థకు అందించడం మరొక రూపం. దానమిచ్చిన సొమ్ము ఖర్చయితే అయిపోతుంది. శిక్షణ పొందిన నర్సు మరొక నర్సుకు నేర్పగలదు. ధర్మాసుపత్రి అన్న పాతమాటకు ఇది కొత్త అర్థం.

7. పరిమితులు:

ఈ కృషిని అతిశయోక్తితో చూడటం పరిశోధనకు మేలు చేయదు. 2017లో మొదలైన శిక్షణ ఫలితాలను 2019–21 సర్వే అంకెలతో కొలవడం తొందరపాటు. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌కు ప్రసవగదిలో స్వతంత్రంగా నిర్ణయించే అధికారం, ప్రత్యేక ఉద్యోగహోదా లేకపోతే ఆమె మళ్లీ సాధారణ నర్సు విధులకే పరిమితమవుతుంది. 2023 నాటి జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ఈ వృత్తికి కొత్త చట్రాన్నిచ్చింది. అది జిల్లా స్థాయిలో ఎలా అమలవుతుందన్నది కీలకం.

ప్రైవేటు నర్సింగ్ హోంల సమస్య ఇంకా జటిలం. పెద్ద సంస్థ భరించగల బృందాన్ని పది పడకల ఆసుపత్రి భరించలేదు. కాబట్టి చిన్న పట్టణ వైద్యురాలిని నిందించి ప్రయోజనం లేదు. అనేక చిన్న ఆసుపత్రులు కలిసి మిడ్‌వైఫ్‌లను నియమించుకునే ఏర్పాటు, సహజ ప్రసవానికి న్యాయమైన రుసుము, ప్రతి ఆసుపత్రి సిజేరియన్లను రాబ్సన్ పది వర్గాల పద్ధతిలో లెక్కించడం పరిశీలించదగిన మార్గాలు. గర్భిణులను వర్గాలుగా విభజించే ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే సిఫారసు చేసింది. దీనివల్ల ఏ వర్గం గర్భిణులలో సిజేరియన్లు ఎక్కువగా జరుగుతున్నాయో తెలుస్తుంది.

8. ముగింపు:

మహిళా వైద్యుల వాణిజ్య నాయకత్వాన్ని ఆస్తుల విలువతోనో పురస్కారాలతోనో కొలవడం వాడుక. ఎవిటా ఫెర్నాండెజ్ ఉదాహరణ మరొక కొలమానాన్ని సూచిస్తోంది. తన సంస్థకు లాభించే అలవాటును ఆ సంస్థాధిపతి ఎంతవరకు ప్రశ్నించగలిగారు, నేర్చుకున్నదానిని సంస్థ ప్రాకారం దాటి ఎంత దూరం పంపగలిగారు అన్నవి ఆ కొలమానంలోని అంశాలు. తల్లి రెండు పడకలతో ప్రారంభించిన సేవ కుమార్తె కాలంలో ప్రభుత్వ నర్సుల చేతుల్లోకి చేరింది. ధర్మపురి వంటి చోట తొలిచూలు గర్భిణికి నొప్పులు మొదలైన రాత్రి, తెల్లవారేదాకా పక్కన కూర్చునే శిక్షిత హస్తం అందుబాటులో ఉన్నప్పుడే ఆ కృషి సఫలమైనట్లు. ఆ దిశలో ఎంత దూరం సాగామో జిల్లాలవారీగా, ఆసుపత్రులవారీగా తేల్చవలసిన పరిశోధన ఇంకా మిగిలే ఉంది.