ప్రభుత్వ శిక్షణ కేంద్రాల్లో అగ్నిమాపక, అంబులెన్స్ సేవలు: ఒప్పందంలో ఏముండాలి?

జంషెడ్‌పూర్: జంషెడ్‌జీ టాటా 150వ జయంతి వేడుకలు 1989 మార్చి 3న ఇక్కడి ఉక్కు కర్మాగారం ఆవరణలో జరుగుతుండగా, ప్రముఖుల కోసం వేసిన పందిరికి నిప్పంటుకుంది. 60 మంది మరణించారు. 113 మంది గాయపడ్డారు. వేడుక చూడటానికి వచ్చిన ఉద్యోగుల కుటుంబాల్లోని మహిళలు, చిన్నారులు మృతుల్లో ఉన్నారు. పరిహారం కేసు 2001 ఆగస్టు వరకు సుప్రీంకోర్టులో సాగింది. గృహిణి ఇంటి చాకిరికి నెలకు 3,000 రూపాయల విలువ కట్టిన ఆ తీర్పును న్యాయస్థానాలు నేటికీ ఉదహరిస్తుంటాయి. ఇదంతా సొంత అగ్నిమాపక దళం, సొంత ఆసుపత్రి ఉన్న కర్మాగారంలో జరిగిన విషాదం.

అలాంటి ఏర్పాట్లను సొంతంగా పోషించుకోలేని ప్రభుత్వ శిక్షణ సంస్థ ఏం చేయాలి? ఈ పట్టణం చుట్టుపక్కల ఆ ప్రశ్నకు ప్రాధాన్యం ఎక్కువ. కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల మంత్రిత్వ శాఖ పరిధిలోని ఇండో డేనిష్ టూల్ రూమ్ గమ్హారియాలో ఉంది. జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ కూడా ఇక్కడ నడుస్తోంది. ఉత్తరాంధ్ర నుంచి తరతరాల క్రితం వలస వచ్చిన తెలుగు కుటుంబాలు సహా ఈ ప్రాంత వాసులెందరికో పిల్లల యంత్ర విద్య ఉపాధికి దారి. ఏ ఒక్క సంస్థ గురించో కాకుండా, ఇలాంటి కేంద్రాలన్నీ అత్యవసర సేవలను బయటి గుత్తేదారు నుంచి తీసుకునేటప్పుడు ఎదురయ్యే చిక్కులను పరిశీలిద్దాం.

మొదటి చిక్కు భౌగోళికమైనది. జంషెడ్‌పూర్ తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో ఉంది. ఖర్కాయీ నది దాటితే ఆదిత్యపూర్, గమ్హారియా వస్తాయి. అవి సరాయ్‌కేలా-ఖర్సావాన్ జిల్లాకు చెందినవి. జంషెడ్‌పూర్‌లో అనేక పౌర సేవలను టాటా స్టీల్ అనుబంధ సంస్థ నిర్వహిస్తుంది. అవతలి గట్టున పురపాలన వేరు, పోలీసు పరిధి వేరు. పెద్ద ఆసుపత్రి మాత్రం ఇవతలి గట్టునే ఉంది. సాయంత్రం కర్మాగారాల షిఫ్టు మారే వేళ వంతెనపై రద్దీని చూసినవారికి, పటంలో కనిపించే కిలోమీటర్లు ప్రయాణ కాలాన్ని చెప్పవని తెలుసు.

గుండె ఆగిన వ్యక్తికి ఛాతీ నొక్కే ప్రథమ చికిత్స, విద్యుత్ షాక్ అందకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గుతుంది. కాలిన గాయాన్ని వెంటనే పారే చల్లటి నీటి కింద 20 నిమిషాలు ఉంచాలి. ఈ రెండు పనులూ బయటి నుంచి అంబులెన్స్ వచ్చేలోగా, ప్రాంగణంలో ఉన్నవారే చేయాల్సినవి. ప్రభుత్వ 108 వాహనం ఎంత సమర్థంగా నడిచినా ఈ తొలి నిమిషాల లోటును పూడ్చలేదు.

రెండో చిక్కు పనిలోని ప్రమాద స్వభావం. టూల్ రూమ్ అంటే లేత్ యంత్రాలు మాత్రమే కాదు. ఈడీఎం యంత్రంలో లోహాన్ని విద్యుత్ మెరుపులతో చెక్కుతారు. ఆ పని కిరోసిన్ వంటి ద్రవంలో మునిగి ఉన్నంతసేపు ఫరవాలేదు. ద్రవ మట్టం తగ్గి మెరుపు గాలికి తగిలితే మంట లేస్తుంది. ఉష్ణ శుద్ధి విభాగంలో ఎర్రగా కాలిన ఉక్కును నూనె తొట్టెలో ముంచుతారు. అక్కడ నీళ్లు చల్లితే మండే నూనె ఎగసి పడుతుంది. మెగ్నీషియం పొట్టు అంటుకుంటే నీళ్లు మంటను మరింత పెంచుతాయి. దానికి ప్రత్యేక పొడి కావాలి. కాబట్టి ‘శిక్షణ పొందిన ఫైర్‌మన్లు నలుగురు’ అని మాత్రమే టెండరులో రాస్తే చాలదు. ఏ విభాగంలో ఏ రకం మంట రావచ్చో సంస్థ ముందే లెక్క తీసి జతచేయాలి. ఆ పని గుత్తేదారు చేసేది కాదు, వర్క్‌షాపు బోధకులే చేయాలి.

ఇక కొనుగోలు. కేంద్ర ప్రభుత్వ సంస్థలు సాధారణ ఆర్థిక నియమావళి–2017 ప్రకారం, ఎక్కువగా జెమ్ పోర్టల్ ద్వారా సేవలను తీసుకుంటాయి. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. అగ్నిమాపక సిబ్బందిని మామూలు మానవ వనరుల సరఫరా పద్దు కింద పిలిస్తే, కనీస వేతనాన్ని చట్టమే నిర్ణయిస్తుంది కనుక పోటీ అంతా గుత్తేదారు సేవా రుసుము చుట్టూ తిరుగుతుంది. ఆ కొద్దిపాటి రుసుములోంచే పునశ్చరణ శిక్షణ, రక్షణ దుస్తులు, సెలవుపై వెళ్లినవారి స్థానంలో మనుషులు రావాలి. రారు. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో, ఇది గుత్తేదారు దురాశ కంటే టెండరు రాసినవారి పొరపాటే.

చిన్న లెక్క చూడండి. వారానికి 168 గంటలు. ఒక్కొక్కరు 48 గంటలు పనిచేస్తే ఒక స్థానాన్ని రాత్రింబవళ్లు నింపడానికి మూడున్నర మంది కావాలి. సెలవులు కలిపితే నలుగురు. అంటే నలుగురు ఫైర్‌మన్లకు డబ్బు చెల్లించే సంస్థకు ఏ సమయంలోనైనా విధిలో ఉండేది ఒక్కరే. ఒక్కరు గొట్టం పట్టుకుంటే నీటి కవాటం తిప్పేదెవరు?

తక్కువ ధరకే కట్టబెట్టాలన్న నిర్బంధం కూడా పూర్తిగా లేదు. 2021 అక్టోబరు 29న కేంద్ర వ్యయ విభాగం ఇచ్చిన మార్గదర్శకాలు, నిర్దిష్ట షరతులకు లోబడి సలహాయేతర సేవల్లో నాణ్యతకు 30 శాతం వరకు మార్కులు కేటాయించే వీలు కల్పించాయి. కానీ ఆ దారిన వెళితే ఫైలులో కారణం రాయాలి, ఆడిట్‌కు జవాబు చెప్పాలి. కనిష్ఠ ధర ఎంచుకుంటే ఎవరూ ఏమీ అడగరు.

అంబులెన్స్ విషయంలోనూ మాట స్పష్టంగా ఉండాలి. దేశీయ ప్రమాణం ఏఐఎస్–125 అంబులెన్సులను నాలుగు తరగతులుగా విభజించింది. ‘బి’ తరగతి రోగిని తరలించే బండి మాత్రమే. ప్రాథమిక ప్రాణరక్షణ సామగ్రి ‘సి’లోనూ, ఉన్నత స్థాయి సామగ్రి ‘డి’లోనూ ఉంటాయి. ఒప్పందంలో ‘అంబులెన్స్ ఒకటి’ అని ఉంటే ఏది వచ్చినా నియమోల్లంఘన కాదు.

సేవను అప్పగించినంత మాత్రాన బాధ్యత చేతులు మారదు. గుత్తేదారు కార్మికులకు వేతనం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టమే నిర్దేశించింది. కుంభకోణం పాఠశాలలో 2004 జులై 16న 90 మందికి పైగా పిల్లలు కాలిపోయిన ఘటన దరిమిలా, 2009లో సుప్రీంకోర్టు సురక్షితమైన బడిని విద్యాహక్కులో భాగంగా గుర్తించింది. విజయవాడలో కొవిడ్ సంరక్షణ కేంద్రంగా మార్చిన హోటల్‌లో 2020 ఆగస్టు 9న మంటలు చెలరేగి 10 మంది చనిపోయారు. భవనం ఒకరిది, వైద్య నిర్వహణ మరొకరిది. అగ్ని భద్రత ఎవరు చూడాలన్న ప్రశ్న మరణాల తర్వాత గానీ ముందుకు రాలేదు.

ఒప్పందం అమలవుతోందో లేదో తెలిసేది నెల చివరి బిల్లు దగ్గర. సాధారణంగా దానికి హాజరు పట్టిక జతచేస్తారు. దాంతోపాటు ఆ నెలలో ముందు చెప్పకుండా జరిపిన విన్యాసం నమోదు కూడా అడగవచ్చు: గంట మోగిన సమయం, మొదటి మనిషి చేరిన సమయం, నీరు వచ్చిన సమయం, అంబులెన్స్ గేటు దాటిన సమయం. వాటిలో ఒక్కటైనా రాత్రి రెండు గంటలకు, వసతిగృహం వైపు గేటుకు తాళం వేసి ఉన్నప్పుడు జరిపినదై ఉండాలి.