చెరువంతా కాగనక్కర్లేదు

ఇలా కూర్చో అమ్మలూ, ఒక లెక్క వేద్దాం. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద పడే ఎండ సుమారు 1000 వాట్లు. గంటకి 3600 కిలోజౌళ్లన్నమాట. లీటరు నీళ్లని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 290 చాలు. అదే లీటరుని ఆవిరి చెయ్యాలంటేనో, 2400 పైచిలుకు కావాలి! కాబట్టి ఎండని పిసరంతైనా వృథా చెయ్యకపోయినా, గంటకి ఆవిరయ్యేది లీటరున్నరే.

వట్టి నీళ్లు ఎండలో పెడితే అందులో మూడో వంతు కావడమే గగనం. ఎండ నీళ్లలోకి దూరి అడుగు దాకా వెచ్చబెడుతుంది. ఆవిరి లేచేదేమో పైపొర నుంచే. అడుగు నీళ్లు కాగితే మనకేం ఒరిగింది? చినగంజాం ఉప్పు రైతులు మడుల్లో నీళ్లు పల్చగా పెట్టేది ఊరికే కాదు.

దేవుడి దగ్గర దీపం చూడు. ప్రమిదలో నూనె అంతా కాగదు. వత్తి కొసకి పాకినంత మటుకే కాగి మండుతుంది. 2014లో అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ గాంగ్ చెన్ బృందం నీళ్ల చేత ఇదే పని చేయించింది. కింద తేలే కార్బన్ నురగ బిళ్ల, పైన పేలాల్లా పొంగించిన గ్రాఫైట్. నలుపు ఎండని పట్టేస్తుంది, నురగ ఆ వేడిని కిందికి దిగనివ్వదు, సన్నటి బెజ్జాలు నీళ్లని పైకి పీలుస్తాయి. పది రెట్లు పోగుచేసిన ఎండలో 85 శాతం వేడి ఆవిరికే ఉపయోగపడింది.

అసలు తమాషా 2018లో. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో గ్విహువా యు బృందం పాలీవినైల్ ఆల్కహాల్ జెల్లులో నల్లటి పాలీపిర్రోల్ కలిపింది. మామూలు ఎండకే చదరపు మీటరు నుంచి గంటకి 3.2 లీటర్లు ఆవిరైంది! మరి మన లీటరున్నర లెక్క ఏమైనట్టు? జెల్లు పోగుల పక్కనున్న నీటి అణువులు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకోవు, తక్కువ శక్తికే విడిపోతాయి అన్నారు వాళ్లు. 2023లో ఎంఐటీ వాళ్లు ఇంకో మాట అన్నారు: వేడితో పని లేకుండా కాంతే నేరుగా నీటి అణువుల్ని గుంపులుగా ఊడగొడుతోందట, అదీ ఆకుపచ్చ కాంతిలో ఎక్కువట. నీళ్లు ఆ కాంతిని దాదాపు పీల్చుకోవు కూడాను! ఈ పంచాయితీ ఇంకా తెగలేదు. చుట్టూ ఉన్న గాలి నుంచి ఎంత వేడి అందిందో ముందు కచ్చితంగా తేల్చమంటాను నేను.

ఇలా సముద్రపు నీళ్ల నుంచి మంచినీళ్లు తియ్యాలంటే ఉప్పు గొడవ వేరే ఉంది. లీటరు సముద్రపు నీళ్లలో 35 గ్రాముల ఉప్పు. మూడు లీటర్లు ఆవిరైతే నల్లటి జెల్లు మీద వంద గ్రాములు మిగులుతుంది. పైన తెల్లగా పేరుకుంటే ఎండని తిప్పికొడుతుంది, బెజ్జాలు పూడుకుపోతాయి. అందుకే పేరుకున్న ఉప్పు రాత్రి కరిగి కిందికి దిగిపోయేలా దారులు పెడుతున్నారు.

ఇన్ని చేసినా ఆవిరి తాగలేం కదా. దాన్ని అద్దం కింద పట్టి చల్లార్చాలి. ఆ తేమలో జెల్లు జోరు తగ్గుతుంది, అద్దం చెమర్చి ఎండని ఆపుతుంది. 1872లో చిలీలోని లాస్ సలీనాస్ గనుల దగ్గర ఉప్పునీళ్లని మంచినీళ్లు చెయ్యడానికి అద్దాల కప్పులేసి కట్టిన కేంద్రం చదరపు మీటరుకి రోజంతా కలిపి ఇచ్చింది ఐదు లీటర్ల లోపే. కాబట్టి ఇకమీదట పేపర్లో గంటకి మూడు లీటర్లు అని కనిపిస్తే, అవి ఆవిరైన నీళ్లా, బిందెలో పడ్డ నీళ్లా అని చూసుకుని మరీ చదువు.