మలుపులో మూలుగు చక్రము

మా వృత్తి ధ్వనితో కూడినది. గొంతులోని జీరను, తంతిలోని అపశ్రుతిని, గదిలో ఎక్కడో తిరుగుచున్న పంకా చప్పుడును పట్టుకొనుట మాకు నిత్యకృత్యము. అట్టి మేమే మా కారు చేసిన చప్పుడును మూడు వారములు పెడచెవిని పెట్టితిమి. బండి తిన్నగా పోవునపుడు సన్నని రొద; ఎడమకు మళ్లించినపుడు అది గరగరమని పెద్దదగును; కుడికి మళ్లించినచో తగ్గిపోవును. ఒక షెడ్డులో చూపగా, ఎడమకు తిరిగినపుడు మ్రోగుచున్నది గనుక దోషము ఎడమ చక్రముననే యున్నదని చెప్పి, ఆ వైపు బేరింగు మార్చిరి. సొమ్ము పోయినది గాని చప్పుడు పోలేదు.

రెండవ మెకానిక్కు బండిని ఎత్తి నిలిపి, కుడి చక్రమును త్రిప్పుచు, "అయ్యా, ఈ స్ప్రింగుపైన చేయి పెట్టి చూడండి" అనెను. ఇసుక నమిలినట్టి అదురు చేతికి తగిలినది. చక్రమును మీద, క్రింద పట్టి కదుపగా ఊగినది. అంతకు ముందటి ఆదివారమే పిల్లలను కూర్చుండబెట్టుకొని ఆ బండిలో వంద కిలోమీటర్లు పోయి వచ్చితిమి! ఆనాడు నేర్చిన పాఠమును శ్రోతలతో పంచుకొనుట ధర్మమని తోచినది.

బండి ఎడమకు మళ్లునపుడు దాని భారము కుడి ప్రక్కకు ఒరుగును. బస్సులో నిలుచుండి ప్రయాణము చేసినవారికి ఇది అనుభవమే. కావున ఎడమ మలుపులో హెచ్చు రొద సాధారణముగా కుడి చక్రపు బేరింగుది. కుడి మలుపులో హెచ్చునది ఎడమ చక్రపుది. ఈ రొద వేగముతో పాటు పెరుగును. మొదటి షెడ్డువారు పొరబడినది ఇచటనే.

అయితే మలుపులోని ప్రతి చప్పుడును బేరింగుది కాదు. పూర్వపు అంబాసిడరు, పద్మిని కార్లలో ఇంజను శక్తి వెనుక చక్రములకు పోవుచుండెను. 1983లో వచ్చిన మారుతి 800లో ముందు చక్రములే బండిని లాగును, అవియే మళ్లును. నేటి చిన్న కార్లలో చాల భాగము ఇట్టివే. మళ్లుచున్న చక్రమునకు కుదుపు లేకుండ శక్తి నందించుటకు ఇరుసు చివర ఉక్కు గుండ్లతో కూడిన కీలు ఒకటి యుండును. ఆల్ఫ్రెడ్ షెప్పా అను ఇంజనీరు 1920 దశకములో రూపొందించిన కీలు దీనికి మాతృక. మెకానిక్కులు దీనిని సీవీ జాయింటు అందురు. గ్రీజు నింపి, దానిపై మడతల రబ్బరు తొడుగు వేయుదురు. తొడుగు చినిగినచో గ్రీజు కారిపోయి, దుమ్ము, నీరు చేరి గుండ్లను అరుగదీయును. అపుడు స్టీరింగును పూర్తిగా త్రిప్పి బండిని కదిలించినపుడు టకటకమని వినవచ్చును.

మిగిలినవి మూడు. రేకు గీచినట్లు కీచుమన్నచో బ్రేకు డిస్కునకును, దాని వెనుకనున్న పలుచని రేకునకును నడుమ గులకరాయి చిక్కియుండవచ్చును. బ్రేకు త్రొక్కినపుడు గరగరలాడినచో ప్యాడ్లు అరిగి ఇనుము ఇనుమును రాచుకొనుచున్నదని సందేహింపవలెను. స్టీరింగును చివరివరకు త్రిప్పినపుడు మాత్రమే మూలిగినచో, నూనెతో పనిచేయు పవరు స్టీరింగులో నూనె తగ్గియుండవచ్చును. విద్యుత్తుతో పనిచేయు స్టీరింగులకు ఈ నూనె యుండదు.

పరీక్ష ఇట్లు చేయవలెను. జనసంచారము లేని మైదానములో, అద్దములు దించి, నడక వేగముతో ఎడమకు ఒక చుట్టు, కుడికి ఒక చుట్టు తిరుగవలెను. ఏ ప్రక్క, ఏ వేగమున, బ్రేకు త్రొక్కినపుడా, త్రొక్కనపుడా అని కాగితముపై వ్రాసికొనవలెను. టార్చి పట్టుకొని ముందు చక్రముల లోపలి వైపు చూడవలెను. అచట గ్రీజు చిమ్మియున్నచో తొడుగు చినిగినట్లే.

చక్రము విప్పవలసి వచ్చినచో చదునైన గట్టి నేలపై బండిని నిలిపి, చేతిబ్రేకు వేసి, తక్కిన చక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. కేవలము జాకీని నమ్మి బండి క్రిందికి ఎన్నడును దూరరాదు. దృఢమైన స్టాండు ఉండితీరవలెను. రాయి తీసి, వంగిన రేకును కొంచెము వెనుకకు వంచుట ఇంటనే చేసికొనవచ్చును. బండి పుస్తకములో చెప్పిన నూనెనే స్టీరింగులో పోయవలెను. తగ్గుచునే యున్నచో కారుచున్న తావు వెదకవలెను. ప్యాడ్లను రెండు ప్రక్కలను జతగా మార్పింపవలెను. తొడుగు చినిగిన తొలినాళ్లలోనే చూచుకొన్నచో క్రొత్త గ్రీజు, క్రొత్త తొడుగుతో పోవును. టకటక మొదలైన పిమ్మట కీలునే మార్చవలెను. బేరింగును అదుముటకు ప్రెస్సు కావలెను గనుక అది షెడ్డు పనియే. చక్రము ఊగుచున్నచో బండిని నడిపింపక, లాగించుకొని పోవుట మేలు. పూర్తిగా చెడిన బేరింగు చక్రమునే వదలివేయగలదు.

రేడియోవారము చెప్పదగిన మాట కాదు గాని, శ్రోతలకు మా మనవి ఒకటి. నెలకొకమారు కారులోని రేడియోను కట్టివేసి, బండి మాట కొంతసేపు వినుడు. మేము ఇపుడట్లే చేయుచున్నాము.