ఒకే పుటపై నాలుగు పటములు

నల్లగొండ జిల్లా బావినీటిలోని ఫ్లోరైడు సంగతి మన శ్రోతలెరిగినదే. త్రాగునీట అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. నాలుగు గ్రామముల పరీక్షాఫలితములను ఒకే పుటపై గీసి పోల్చవలెనన్నచో ‘ఆర్’ అను కంప్యూటరు భాష మిక్కిలి ఉపకరించును. 1990 దశకమున న్యూజీలాండులోని ఆక్లాండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దీనిని రూపొందించిరి.

చిత్రముల అమరికను శాసించు ఆజ్ఞ ‘పార్’. అందు ‘ఎంఎఫ్‌రో’ అను అంశమునకు రెండు, రెండు అని తెలిపినచో పుట నాలుగు గదులగును. అక్షరములు తమంతటనే 0.83 వంతుకు తగ్గును. ‘మార్’ అను అంశముతో అంచులను కూడ తగ్గించుకొనవచ్చును. అంచులు మరీ పెద్దవైనచో పటమునకు చోటు చాలక యంత్రము గీయ నిరాకరించును.

ఇచ్చట రెండు జాగ్రత్తలు అవసరము. మనము చెప్పనిచో ప్రతి పటము తన కొలబద్దను తానే ఎన్నుకొనును. అప్పుడు ఒక ఊరి 1 మిల్లీగ్రాము, వేరొక ఊరి 6 మిల్లీగ్రాములు సమానమైన ఎత్తున కనిపించి చూపరిని భ్రమింపజేయును. కనుక ‘వైలిమ్’ ద్వారా నాలుగింటికి ఒకే కొలబద్ద నిర్ణయించి, 1.5 కడ అడ్డుగీత గీయవలెను.

రెండవది, చేసిన మార్పు ఆ పుటతో పోదు. అదే చిత్రఫలకముపై తరువాత గీయు పటము సైతము పావు గదిలో ఇరుకుకొనును. అమరిక మార్చినపుడు ‘పార్’ పూర్వపు విలువలను తిరిగి ఇచ్చును. వానిని ఒక పేరున దాచి, పని ముగియగనే మరల ‘పార్’కు అప్పగింపవలెను.

ఏ బావినీరు బిడ్డలకు పట్టవచ్చునో ఆ పుట చూచి నిర్ణయించువారుందురు. గీయువారు ఈ రెండు జాగ్రత్తలు మరువరాదు.