మెదడులో కణితి: లక్షణాలను గుర్తించడం, చికిత్స పొందడం

ఈ భాగం చదివిన తరవాత మీరు మెదడు కణితి లక్షణాలు ఎందుకు కలుగుతాయో వివరించగలుగుతారు. వైద్యుణ్ని ఎప్పుడు కలవాలో చెప్పగలుగుతారు.

1. లక్షణాలకు కారణం

మెదడు గట్టి కపాలంలో ఉంటుంది. కణాలు అదుపు లేకుండా పెరిగి కణితి ఏర్పడితే, కపాలం సాగదు కాబట్టి లోపల పీడనం పెరుగుతుంది. తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం దీనివల్లే కలుగుతాయి. పడుకున్నప్పుడు పీడనం మరింత ఎక్కువవుతుంది. అందువల్ల నిద్రలేచేసరికి తలనొప్పి తీవ్రంగా ఉండవచ్చు. దగ్గినా, వంగినా అది పెరగవచ్చు.

2. కణితి స్థానం, లక్షణాలు

కణితి ఏ భాగంలో ఉంటే ఆ భాగం చేసే పని దెబ్బతింటుంది.

• ముందు భాగం: స్వభావంలో మార్పు, నిరాసక్తత
• ఎడమ అర్ధగోళం: కుడి చేయి, కాలు బలహీనపడటం, మాట తడబడటం
• వెనుక భాగం: ఒక పక్కనున్నవి కనిపించకపోవడం
• అనుమస్తిష్కం: నడకలో తూలడం
• పీయూష గ్రంథి: రెండు పక్కల చూపు తగ్గడం, స్త్రీలలో ఋతుక్రమం ఆగిపోవడం

స్వభావంలో మార్పును ఇంట్లోవారు గాలి సోకిందని పొరబడవచ్చు. తూలుతూ నడిచే వ్యక్తిని తాగాడని అనుకోవచ్చు. ఇలాంటి పొరపాట్ల వల్లే విలువైన కాలం గడిచిపోతుంది.

3. వైద్యుణ్ని ఎప్పుడు కలవాలి?

తలనొప్పి వచ్చినంత మాత్రాన భయపడనవసరం లేదు. చాలా తలనొప్పులకు కణితి కారణం కాదు. అయితే కొత్తగా మొదలై వారాల తరబడి పెరుగుతున్న నొప్పిని, దానితోపాటు పై లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా, మాత్రలతో అణచిపెట్టకూడదు. పెద్దవారిలో మొదటిసారి ఫిట్స్ వస్తే తప్పక పరీక్ష చేయించాలి. మెదడులో క్షయ గడ్డలు, బద్దెపురుగు తిత్తులు కూడా ఫిట్స్‌కు కారణం కావచ్చు. వాటికి మందులున్నాయి.

ఫిట్స్ వచ్చినవారి చేతిలో తాళాలు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. నోట్లో ఏమీ పెట్టకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాల్లో ఆగకపోతే 108కు ఫోన్ చేయండి.

4. నిర్ధారణ, చికిత్స

నాడీ వైద్యుడు చూపును, నడకను, కండరాల బలాన్ని పరీక్షించి సి.టి. లేదా ఎం.ఆర్.ఐ. స్కాన్ చేయిస్తాడు. కణితి రకాన్ని సాధారణంగా ముక్క పరీక్షతో నిర్ధారిస్తారు. కణితులన్నీ క్యాన్సర్ కావు. మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమాలు ఎక్కువగా నెమ్మదిగా పెరుగుతాయి. కొన్నింటిని శస్త్రచికిత్సతో పూర్తిగా తొలగించవచ్చు. మిగిలినవాటికి రకాన్నిబట్టి రేడియేషన్, మందులు ఇస్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ పొరుగున ఉన్న 45 ఏళ్ల వ్యక్తికి నెల రోజులుగా ఉదయం తలనొప్పి, వాంతులు ఉన్నాయి. అతడు కళ్లజోడు మార్చుకుంటే సరిపోతుందంటున్నాడు. మీరేం సలహా ఇస్తారు? కారణాలతో రాయండి.