కారు బాడీకి అచ్చు: పదార్థాల ఎంపికలో మెలకువలు

మట్టి గుణం తెలియని కుమ్మరి మంచి కుండ చేయలేడు. యంత్రయుగంలోనూ ఈ సత్యం మారలేదని గత శీతాకాలంలో ఖరగ్‌పూర్‌లో మాకు మరొకసారి బోధపడింది.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో ఉత్తరాంధ్ర నుండి ఉపాధి కోసం వెళ్లిన ఎన్నో కుటుంబాల వారు నేటికీ ఆ రైల్వే పట్టణంలో ఉన్నారు. అక్కడి ట్రాఫిక్ ప్రాంతంలోనే మా అక్కగారి క్వార్టరు. ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు మిత్రులతో కలిసి విద్యార్థుల పోటీకి ఒంటి సీటు విద్యుత్ కారు తయారుచేస్తున్నాడు. పైన ఫైబర్ గ్లాస్ బాడీ అమర్చాలి. దానికి అచ్చు, ఆ అచ్చు తీయడానికి ముందుగా కారు ఆకారంలో ఒక నమూనా అవసరం. "మావయ్యా, నమూనా దేనితో చేయమంటారు?" అని అతడు ఫోనులో అడిగినప్పుడు, "థర్మోకోల్‌తో చెయ్యి. చవక, సులువుగా తెగుతుంది" అని మేము తడుముకోకుండా చెప్పాము. ఏ రెజిన్ వాడుతున్నారో అడగలేదు.

పొరపాటు అక్కడే జరిగింది. వారు కొన్నది పాలిఎస్టర్ రెజిన్. అందులోని స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగిస్తుంది. మేము వెళ్లిన రోజున, ఆరు వారాలు శ్రమించి మలచిన నమూనా మా కళ్లముందే గుంటలు పడి కుంగిపోయింది. పిల్లలు కూడబెట్టుకొన్న సొమ్ములో సగం వృథా అయింది. మేనల్లుడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు మరింత బాధ కలిగించింది.

పెద్దల పాఠం

పక్క క్వార్టరులో కుమారుని వద్ద ఉంటున్న విశ్రాంత ప్యాటర్న్ మేకర్ ఒకరు ఆ నమూనాను చూసి, "ఏ లోహం పోస్తారో తెలియకుండా మేము చెక్క ముట్టేవాళ్లం కాదు బాబూ" అన్నారు. ఆ మాటలో ఎంతో విజ్ఞానం ఉంది. చల్లారేటప్పుడు పోత ఇనుము మీటరుకు సుమారు 10 మిల్లీమీటర్లు, ఉక్కు సుమారు 20 మిల్లీమీటర్లు కుదించుకుపోతాయి. అందువలన ఫౌండ్రీలో ముందు లోహం, తరువాతే చెక్క కొలత. మేము ఆ క్రమాన్ని తలక్రిందులు చేశాము.

ముందుగా వేసుకోవలసిన ప్రశ్నలు

అసలు అచ్చు అవసరమా? హైదరాబాద్‌లో 2010లో ప్రారంభమైన సుధా కార్స్ మ్యూజియంలో కె. సుధాకర్ గారు బూటు, వంకాయ వంటి ఆకారాలలో రూపొందించిన వాహనాలున్నాయి. అటువంటి ఒక్కటే చేసే వాహనానికి చట్రంపై రేకును నేరుగా మలచుకోవచ్చు. అదే ఆకారం మళ్లీ మళ్లీ కావాలంటేనే అచ్చు లాభసాటి. 1953లో అమెరికాలో వెలువడిన కార్వెట్ కారు మొదటి ఏడాది 300 మాత్రమే తయారైంది. దాని బాడీ ఫైబర్ గ్లాసే.

రెండవ ప్రశ్న, నమూనాపై ఏ రెజిన్ పడుతుంది? మూడవది, నమూనా ఎంతకాలం నిలవాలి?

ఏ పదార్థం దేనికి?

బంకమట్టి: బెంగాల్‌లో దుర్గా ప్రతిమలను వెదురు, ఎండుగడ్డి కట్టుపై మట్టితో మలుస్తారు. మట్టి ఎంత వంపుకైనా లొంగుతుంది. కాని ఆరితే పగుళ్లిస్తుంది. కార్ల కంపెనీలు నూనె, మైనం కలిసిన ప్రత్యేక మట్టిని వాడేది ఇందుకే.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్: చవకైనది, నునుపుదేరుతుంది. అయితే బరువు ఎక్కువ. లోపలి తేమ పూర్తిగా ఆరి, పైన సీలర్ పూత పడనిదే రెజిన్ వేయరాదు.

థర్మోకోల్: ఎపాక్సీ రెజిన్‌తో వాడవచ్చు. పాలిఎస్టర్‌తో నేరుగా పనికిరాదు.

పాలియురేథేన్ ఫోమ్: ధర ఎక్కువైనా పాలిఎస్టర్‌కు తట్టుకుంటుంది. ప్లైవుడ్ పక్కటెముకల మధ్య దీనిని నింపి, అరగదీసి, పైన పుట్టీ పట్టించడం ఇంటి పనికి అనుకూలమైన పద్ధతి.

ఏది వాడినా నమూనా గోడలు కొద్దిగా ఏటవాలుగా ఉండాలి. లేనిచో అచ్చు ఊడిరాదు. నునుపు చేసిన తరువాత మైనం పలుమార్లు పట్టించాలి.

భద్రత

రెజిన్ పని గాలి ఆడే చోటనే, నిప్పుకు దూరంగా చేయాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను, పెరాక్సైడ్ కెటలిస్ట్‌ను ఎన్నడూ నేరుగా కలపరాదు. పేలుడు సంభవించవచ్చు. ముందు ఒకదానిని రెజిన్‌లో బాగా కలిపిన తరువాతే రెండవది చేర్చాలి.

పిల్లలు నిరాశ చెందలేదు. ఈసారి ప్లైవుడ్, పాలియురేథేన్ ఫోమ్ తెచ్చారు. ఖర్చులో మా వంతు మేము భరించాము. అన్నిటికంటే ముందు అడుగు పొడవు ముక్కపై ఫోమ్, పుట్టీ, మైనం, రెజిన్ వరుసగా వేసి ఒక రోజు వేచి చూశారు. పోటీ గడువుకు నాలుగు రోజుల ముందు అచ్చు నుండి బాడీ క్షేమంగా విడివడింది. ముక్కుపై చిన్న సొట్ట మిగిలింది. అది నమూనాలో ఉన్నదే. నమూనాలోని దోషాన్ని అచ్చు దాచదు.

ఆ అడుగు ముక్కకు ఖర్చయినది ఒక్క రోజు. మేము ఆ మాట ముందే చెప్పి ఉంటే ఆరు వారాల శ్రమ మిగిలేది. సలహా ఇచ్చే ముందు ఒక ప్రశ్న అడగడం మన ఉద్యోగంలోనూ, ఇంటిలోనూ అలవరచుకోదగిన పద్ధతి.