తిలంగా అంటే సిపాయి

అపోహ: కొన్ని జాతులు పుట్టుకతోనే యుద్ధవీరులు. సిక్కులకూ గూర్ఖాలకూ అది నెత్తురులోనే ఉంది. మన తెలుగువాళ్లకు తెలిసింది సేద్యం, వ్యాపారం, ఈమధ్య కంప్యూటర్లు.

వాస్తవం: ఈ మాట నమ్మేవాళ్లు పాత ఉర్దూ నిఘంటువొకటి తిరగేస్తే మంచిది. అందులో ‘తిలంగా’ అంటే తెల్లవాళ్ల పద్ధతిలో కవాతు నేర్చిన సిపాయి. 1756లో బెంగాల్ నవాబు చేతికి చిక్కిన కలకత్తాను విడిపించడానికి ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవ్ మద్రాసు నుంచి ఓడలెక్కించి తీసుకెళ్లిన సిపాయిలను బెంగాలీలు అలా పిలిచారు, తెలుగు గడ్డ నుంచి వచ్చినవాళ్లని. మరుసటి ఏడు ప్లాసీలో కంపెనీ పక్షాన వాళ్లూ పోరాడారు. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, వందేళ్ల తర్వాత 1857లో ఢిల్లీకి చేరిన అవధ్ బ్రాహ్మణ, రాజపుత్ర తిరుగుబాటు సిపాయిలను కూడా ఊళ్లోవాళ్లు తిలంగాలనే అన్నారు. తెలుగులో ఒక్క ముక్క రానివాళ్లకు మన పేరు!

ఇందులో మీసం మెలేయాల్సిందేమీ లేదు లెండి. ప్లాసీలో గెలిచింది కంపెనీ.

అపోహ: తెలుగువాళ్లు యుద్ధానికి పనికిరారని తేలాకే తెల్లదొరలు పక్కన పెట్టారు.

వాస్తవం: తేలింది యుద్ధభూమిలో కాదు, దొరల లెక్కల్లో. 1857కు ముందు బెంగాల్ సైన్యంలో ఎక్కువమంది అవధ్, బీహార్‌ల అగ్రవర్ణాలవాళ్లే. వాళ్లు తిరగబడ్డారు. అణచడానికి సిక్కులు, గూర్ఖాలు, పఠాన్లు తోడొచ్చారు. ఇక ‘యోధజాతులు’ ఎవరో తేలిపోయింది. అంతకు ముందు పన్నెండేళ్లలోపే కంపెనీ రెండు యుద్ధాలు చేసింది ఆ సిక్కులతోనే. దొరల లెక్కకు రష్యా దండెత్తుతుందన్న భయమూ తోడైంది. యుద్ధమంటూ వస్తే అఫ్గాన్ సరిహద్దులోనే, పంజాబ్ దానికి పక్కనే.

1881లో మద్రాసు సైన్యాధిపతిగా వచ్చి, 1885లో మొత్తం భారత సైన్యానికి అధిపతి అయిన రాబర్ట్స్ దక్షిణాది సిపాయిల్లో పాత పోరాటగుణం చచ్చిపోయిందన్నాడు. చాలాకాలం యుద్ధాల్లేక మెత్తబడ్డారట. తీరుబడిగా కూర్చోబెట్టిందెవరు? ఆ ప్రశ్న ఆయనకు తట్టినట్టు లేదు. మద్రాసు పటాలాలు కొన్ని రద్దయ్యాయి, కొన్ని పంజాబీలతో నిండాయి. శతాబ్దం ముగిసేలోపే తెలుగువాళ్ల భర్తీ దాదాపు ఆగిపోయింది.

అపోహ: సైన్యంలోకి తీసుకోకపోతే ఏం పోయింది? ఆ చాకిరీ తప్పింది కదా.

వాస్తవం: పోయింది తుపాకీ ఒక్కటే కాదు. నెల జీతం, పింఛను, పిల్లల చదువు, ఊళ్లో కాస్త మర్యాద. పంజాబ్‌లో కొత్త కాలువల కింద మాజీ సైనికులకు పొలాలు కూడా దక్కాయి. ఈ దెబ్బ తెలుగువాళ్లకే కాదు. మరాఠీ నేలలో అంటరానివాళ్లుగా చూసిన మహర్లు 1818లో కోరేగావ్‌లో కంపెనీ తరఫున పోరాడారు; 1890ల్లో వాళ్ల భర్తీ కూడా ఆపేశారు. అంటరానివాళ్లకు ఊరిబడి తలుపు తీయని రోజుల్లో వాళ్లలో కొందరికి అక్షరాలు దొరికింది దండులోనే. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్‌పాల్ సైన్యంలో సుబేదారు, సైనికుల బడిలో పాఠాలు చెప్పినవాడు. 1891లో అంబేడ్కర్ పుట్టింది మౌ సైనిక స్థావరంలోనే. ఆయనకు రెండేళ్లు నిండేసరికే ఆ తోవ మూసుకుపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలకపోయేసరికి నెత్తురు సిద్ధాంతం అటకెక్కింది. 1941లో మహర్ రెజిమెంటు ఏర్పాటైంది. మద్రాసు రాష్ట్రంలోనూ భర్తీ జోరందుకుంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి ఎంతమంది వెళ్లారంటే, ఇవాళ్టికీ ఆ ఊరిని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు.